ఫారాలు పారేయకండి, ప్రశ్న మార్చండి

ప్రశ్న: నేను ఎం.ఏ. జర్నలిజం రెండో సంవత్సరం చదువుతున్నాను. నా డిసర్టేషన్ ‘తెలుగు టీవీ సీరియళ్లలో స్త్రీ చిత్రణ – మహిళా ప్రేక్షకులపై దాని ప్రభావం’. వందమందితో ప్రశ్నావళి నింపించి శాతాలు తీయమని మా గైడ్ గారు చెప్పారు. గూగుల్ ఫారం తయారుచేసి వాట్సాప్ గ్రూపుల్లో పంపితే వందకు పైనే వచ్చాయి. ఎక్కువమంది ‘సీరియళ్లు ఆడవాళ్ల మీద చెడు ప్రభావం చూపిస్తున్నాయి’ అన్నారు. ‘మీ మీద చూపిస్తున్నాయా?’ అంటే లేదన్నారు. సగానికి పైగా అసలు సీరియళ్లే చూడమని టిక్ పెట్టారు. సెమినార్‌లో ఒక మేడమ్ ‘దీనివల్ల నీకు కొత్తగా తెలిసిందేమిటి?’ అని అడిగితే జవాబు చెప్పలేకపోయాను. ఇదే అంశం మీద పదిహేను నిమిషాల డాక్యుమెంటరీ కూడా ఇవ్వాలి. మూడు నెలల టైముంది. అంతా పారేసి మొదటికి రావాలా? కంటెంట్ అనాలిసిస్ చేయాలా, ఇంటర్వ్యూలు చేయాలా? టీఆర్పీలు వాడుకోవచ్చా?
– పేరు రాయవద్దన్న పాఠకురాలు, అనంతపురం

సమాధానం: ఫారాలు పారేయనక్కర్లేదు. మేడమ్ అడిగినదానికి నొచ్చుకోనూ అక్కర్లేదు. డిసర్టేషన్ రాసే ప్రతి ఒక్కరినీ ఎవరో ఒకరు అడగాల్సిన ప్రశ్న అది. వైవాలో కాకుండా మూడు నెలల ముందే అడిగారు, అది మీకు మేలే.

చిక్కంతా మీ శీర్షికలో ఉంది. అందులో మూడు ప్రశ్నలు కలిసిపోయాయి. సీరియళ్లలో ఆడవాళ్లను ఎలా చూపిస్తున్నారు? చూసేవాళ్లు దాన్ని ఎలా తీసుకుంటున్నారు? చూడటం వల్ల వాళ్లలో ఏమైనా మారిందా? మొదటిదానికి జవాబు ఎపిసోడ్లలోనే ఉంది, ఎవరినీ అడగక్కర్లేదు. రెండోదానికి జవాబు చూసేవాళ్ల దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకదు. మూడోది చాలా కష్టమైనది, దానికి ఏళ్ల తరబడి పోల్చి చూసే ఏర్పాటు కావాలి. మీరు ఈ మూడింటికీ కలిపి ఒకే ఫారం తయారుచేశారు. అది కూడా ఎక్కువగా సీరియళ్లు చూడనివాళ్ల చేతికే వెళ్లింది. అందుకే ఫారాలు వందకు పైగా వచ్చినా మీ ప్రశ్నకు జవాబు రాలేదు.

సంఖ్య పెద్దదైతే సర్వే బలపడుతుందని మన డిపార్ట్‌మెంట్లలో గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఎంత తప్పో 1936లోనే తేలింది. అమెరికాలో ‘లిటరరీ డైజెస్ట్’ అనే పత్రిక అధ్యక్ష ఎన్నికల ముందు కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపింది. 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. వాటిని లెక్కేసి, రూజ్‌వెల్ట్ మీద పోటీచేసిన లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. తీరా చూస్తే 48 రాష్ట్రాల్లో 46 రూజ్‌వెల్ట్ వైపే వచ్చాయి. పత్రిక చిరునామాలు తీసుకున్నది టెలిఫోన్ డైరెక్టరీలు, కార్ల రిజిస్ట్రేషన్ల వంటి జాబితాల నుంచి. ఆ ఆర్థిక మాంద్యం కాలంలో ఫోనూ కారూ ఉన్న ఇళ్లు ఎలాంటివో ఊహించుకోవచ్చు. పైగా బ్యాలెట్ నింపి పంపే ఓపిక అందరికీ ఒకేలా ఉండదు. అదే ఎన్నికలో జార్జ్ గాలప్ అంతకంటే ఎంతో చిన్న నమూనాతో గెలిచేదెవరో సరిగ్గా చెప్పాడు. మీ వాట్సాప్ గ్రూపుల్లో ఉన్నది మీ క్లాసువాళ్లు, సీనియర్లు, వాళ్ల స్నేహితులు. రాత్రి ఏడున్నరకు టీవీ ముందు కూర్చునే గృహిణికి ఆ లింకు చేరే దారే లేదు.

అయినా ఆ ఫారాల్లో ఒక విలువైన సంగతి ఉంది. బహుశా మీరు దాన్ని గమనించి ఉండరు. ‘ఆడవాళ్ల మీద ప్రభావం ఉంది, నా మీద మాత్రం లేదు’ అని ఎక్కువమంది అన్నారని రాశారు కదా. మీడియా పరిశోధనలో దీనికి థర్డ్ పర్సన్ ఎఫెక్ట్ అని పేరు. డబ్ల్యూ. ఫిలిప్స్ డేవిసన్ 1983లో దీన్ని ప్రతిపాదించాడు. మీడియా తనకంటే ఇతరులనే ఎక్కువగా లోబరుచుకుంటుందని మనిషి అనుకుంటాడు. అంటే మీ చేతిలో ఉన్నది సీరియళ్ల ప్రభావం గురించిన సమాచారం కాదు. సీరియళ్లు చూసే ఆడవాళ్ల గురించి చదువుకున్న యువత ఏమనుకుంటోందన్న సమాచారం. అది కూడా పరిశోధనకు తగిన విషయమే. నా దృష్టిలో మీరు మొదట తలపెట్టినదానికంటే ఆసక్తికరమైనది కూడా. వచ్చిన ఫారాలను చూడమన్నవాళ్లు, చూస్తామన్నవాళ్లు అని రెండుగా విడదీసి, ఈ రెండు ప్రశ్నలకు వాళ్ల జవాబులను పక్కపక్కన పెట్టండి. నమూనా ఎలా వచ్చిందో దాచకుండా రాయండి. అక్కడితో అది ఒక అధ్యాయం అవుతుంది. ‘తెలుగు మహిళల్లో ఇంత శాతం’ అన్న వాక్యం మాత్రం ఎక్కడా రానివ్వకండి.

ఇక శీర్షికలో ‘ప్రభావం’ తీసేయండి. భయపడి చెప్పడం లేదు. ప్రభావాన్ని నిరూపించాలని జీవితకాలం శ్రమించినవాళ్లకే అది పూర్తిగా చేతికి చిక్కలేదు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో జార్జ్ గెర్బ్‌నర్ బృందం 1970లలో చేసిన పని చూడండి. ‘టీవీ మిమ్మల్ని మార్చిందా?’ అని వాళ్లు ఎవరినీ అడగలేదు. ముందు టీవీలో హింస ఎంత ఉందో ఏటా లెక్కగట్టారు. ఆ తర్వాత, ఎక్కువ గంటలు చూసేవాళ్లు, తక్కువ చూసేవాళ్లు తాము హింసకు గురయ్యే అవకాశం ఎంతని అనుకుంటున్నారో పోల్చారు. ఎక్కువ చూసేవాళ్లకు లోకం ఎక్కువ ప్రమాదకరంగా కనిపిస్తోందన్నారు. 1980లో పాల్ హర్ష్ అవే గణాంకాలను మళ్లీ తిరగేశాడు. వయసు, చదువు, ఉండే ప్రాంతం లాంటివన్నీ ఒకేసారి లెక్కలోకి తీసుకుంటే ఆ సంబంధం నిలవడం లేదని వాదించాడు. భయం వల్లే బయటికి వెళ్లక ఇంట్లో టీవీ చూస్తున్నారేమో కదా! ఇంత పెద్ద బృందానికే తెగని వాదం మూడు నెలల్లో మీకు తెగదు, తెగాల్సిన పని కూడా లేదు. ‘తెలుగు టీవీ సీరియళ్లలో స్త్రీ చిత్రణ: తెర మీద ఏముంది, చూసేవాళ్లు ఏమంటున్నారు’ అని పెట్టుకోండి. అది మీరు నిజంగా పూర్తిచేయగలిగిన పని.

తెర మీద ఏముందన్నదానికి కంటెంట్ అనాలిసిస్, అంటే కనిపించేదాన్ని ఒక పద్ధతి ప్రకారం లెక్కపెట్టడం, చేయండి. దీనికి క్రమశిక్షణ కావాలి, కానీ ఖర్చు లేదు. రెండు ఛానెళ్లలో ప్రైమ్‌టైమ్‌లో వచ్చే నాలుగు సీరియళ్లు తీసుకోండి. ఒకే వారం ఎపిసోడ్లన్నీ తీసుకుంటే ఆ వారం పెళ్లి ట్రాక్ నడుస్తుంటే లెక్కంతా పెళ్లిపందిట్లోనే తేలుతుంది. అందుకే పరిశోధకులు ‘కూర్చిన వారం’ (కన్‌స్ట్రక్టెడ్ వీక్) అనే పద్ధతి వాడతారు. మొదటి వారం నుంచి సోమవారం, రెండో వారం నుంచి మంగళవారం, ఇలా ఆరు వారాల నుంచి ఆరు రోజులు. సీరియళ్లు సోమవారం నుంచి శనివారం దాకా వస్తాయి కాబట్టి మీకు ఆరు చాలు. పాత ఎపిసోడ్లు ఛానెళ్ల యాప్‌లలో ఉంటాయి, ఆరు వారాలు ఎదురుచూడక్కర్లేదు. నాలుగు సీరియళ్లకు 24 ఎపిసోడ్లు, ప్రకటనలు తీసేస్తే ఎపిసోడ్‌కు 20 నిమిషాలనుకున్నా 8 గంటలు. ఆపి ఆపి రాసుకోవాలి కాబట్టి దానికి నాలుగైదు రెట్ల సమయం పడుతుందనుకోండి.

లెక్కపెట్టే యూనిట్‌గా సీన్‌ను తీసుకోండి. ప్రతి సీన్‌కూ కోడ్ షీట్‌లో ఒక వరస. ఎక్కడ జరుగుతోంది, ఎవరెవరున్నారు, మాటలు దేని గురించి, నిర్ణయం ఎవరు తీసుకున్నారు. ‘స్త్రీని కించపరిచారా?’ అన్న గడి పెట్టకండి. అది మీ తీర్పు. బెర్నార్డ్ బెరల్‌సన్ 1952లో ఈ పద్ధతిని వివరించినప్పుడు, పైకి కనిపించే విషయాన్ని క్రమబద్ధంగా లెక్కించడం మీదే నొక్కిచెప్పాడు. ‘స్త్రీ పాత్ర మీద ఎవరైనా చేయి చేసుకున్నారా’, ‘ఆమె ఉద్యోగం గురించి ప్రస్తావన వచ్చిందా’, ‘డబ్బు విషయంలో ఆఖరి మాట ఎవరిది’ – ఇలాంటివి ఎవరు చూసినా ఒకేలా నింపగలరు. ఏడుపు లెక్కపెడితే, కన్నీళ్లు కనిపిస్తేనే లెక్కా, గొంతు వణికినా లెక్కా అన్నది ముందే రాసి పెట్టుకోండి. ఇద్దరు ఆడవాళ్లు మాట్లాడుకునే సీన్లలో వాళ్ల మాటలు దేని గురించో విడిగా లెక్కపెట్టమని నా సలహా. పెళ్లి, పిల్లలు, మగవాళ్లు కాకుండా ఇంకేమైనా వస్తోందా? తెలుగు సీరియళ్ల గురించి మనం ఎన్నో అభిప్రాయాలు చెబుతుంటాం, ఈ చిన్న లెక్క వేసి చూసేది తక్కువమందే.

లెక్కంతా మీరొక్కరే చేస్తే అది మీ కంటికి కనిపించిందని మాత్రమే అర్థం. పదోవంతు సీన్లు ఒక క్లాస్‌మేట్‌కు ఇచ్చి, మీ షీట్ చూడకుండా నింపమనండి. తర్వాత రెండూ పోల్చండి. ఇక్కడ చాలామంది ‘85 శాతం కలిసింది’ అని రాసి ఊరుకుంటారు. అది ఎందుకు చాలదో చూడండి. పది సీన్లలో తొమ్మిది ఇంట్లోనే జరుగుతాయనుకుందాం. ఇద్దరూ తెర వైపు చూడకుండా, పదింట తొమ్మిదిసార్లు ‘ఇల్లు’ అని గుడ్డిగా రాసుకుంటూ పోయినా, కేవలం యాదృచ్ఛికంగా 82 శాతం కలుస్తుంది. అందుకే ఆ యాదృచ్ఛికాన్ని తీసేసి చూపే కొలతలు వచ్చాయి. కోహెన్స్ కప్పా 1960 నుంచి ఉంది. క్రిపెన్‌డార్ఫ్స్ ఆల్ఫా ఇంకా నమ్మకమైనది. ఆల్ఫా 0.80 దాటితే ధైర్యంగా రాయవచ్చు, 0.667 దాకా అయితే జాగ్రత్తగా మాట్లాడాలి, అంతకంటే తగ్గితే ఆ గడి నిర్వచనమే సరిగ్గా లేదని అర్థం. నిర్వచనం దిద్ది మళ్లీ నింపండి. ఉచిత సాఫ్ట్‌వేర్‌లోనే ఇదంతా చేయవచ్చు.

అంకెలు వచ్చాక వెంటనే వ్యాఖ్యానం మొదలుపెట్టకండి. సీన్లలో ఎక్కువ భాగం హాల్లోనూ వంటింట్లోనూ జరిగాయని తేలిందనుకుందాం. ‘స్త్రీని ఇంటికే కట్టేస్తున్నారు’ అని రాయాలనిపిస్తుంది. నిజమే కావచ్చు. కానీ రోజువారీ సీరియల్‌ను వారానికి ఆరు ఎపిసోడ్ల చొప్పున అందించాలి. వేసిన సెట్‌లోనే, ఉన్న ఆర్టిస్టుల కాల్షీట్లలోనే రోజుకు వీలైనన్ని సీన్లు లాగాలి. ఔట్‌డోర్ అంటే పర్మిషన్లు, ప్రయాణం, వెలుతురు, జనం, అన్నీ ఖర్చే. హాల్లో అంతమంది నిలబడి ఉండటానికి బడ్జెట్ ఎంత కారణం, భావజాలం ఎంత కారణం? మీ షీట్ ఈ సంగతి చెప్పలేదు. హైదరాబాద్‌లో పనిచేసే ఒక డైలాగ్ రైటర్‌తోనో అసోసియేట్ డైరెక్టర్‌తోనో, వీలైతే ఇద్దరితోనూ మాట్లాడండి. మీ సీనియర్లలో ఎవరో ఒకరు ఆ రంగంలో ఉండే ఉంటారు. ‘ఈ సీన్ ఇలా ఎందుకు రాశారు?’ అనే కంటే ‘మొన్నటి ఎపిసోడ్ స్క్రిప్టు మీ చేతికొచ్చినప్పటి నుంచి టెలికాస్ట్ దాకా ఏం జరిగిందో చెప్పండి’ అని అడగండి. పని వరస చెబుతున్నప్పుడు మనిషి నిజం చెబుతాడు. అభిప్రాయం అడిగితే ఇంటర్వ్యూ ఇస్తాడు.

ఇప్పుడు చూసేవాళ్లు. మీ పరిశోధనకు ప్రాణం ఇక్కడే ఉంది. 1940ల తొలినాళ్లలో హెర్టా హెర్జాగ్ అనే పరిశోధకురాలు న్యూయార్క్ ప్రాంతంలో పగటిపూట రేడియో సీరియళ్లు వినే ఆడవాళ్ల దగ్గరికి వెళ్లింది. పనీపాటా లేని కాలక్షేపమని అందరూ తోసిపుచ్చిన వినోదం అది. వాళ్లతో కూర్చుని మాట్లాడితే మూడు సంగతులు బయటపడ్డాయి. కొందరు మనసారా ఏడ్చి తేలికపడుతున్నారు. కొందరు తమకు దక్కని జీవితాన్ని ఊహల్లో గడుపుతున్నారు. ఇంకొందరు ఇంట్లో సమస్య వస్తే ఎలా నెగ్గుకురావాలో వాటినుంచి నేర్చుకుంటున్నామన్నారు. ఏ ఫారంలోనైనా ‘ప్రభావం: మంచి/చెడు’ అన్న గడి కింద ఇవి పడతాయా? నెదర్లాండ్స్‌లో ఇయెన్ ఆంగ్ చేసిన పని మీకు ధైర్యమిస్తుంది. ‘డల్లాస్’ అనే అమెరికన్ సీరియల్ అక్కడ ఊపేస్తున్న రోజుల్లో ఆమె ఒక మహిళా పత్రికలో చిన్న ప్రకటన ఇచ్చింది. వచ్చినవి 42 ఉత్తరాలు. ఆ 42 ఉత్తరాలను శ్రద్ధగా చదివి రాసిన పుస్తకాన్ని ప్రపంచమంతా ఇప్పటికీ చదువుతోంది. సీరియల్ ఇష్టమని చెప్పడానికి కూడా సిగ్గుపడుతూ, సంజాయిషీ ఇచ్చుకుంటూ రాసినవాళ్లు అందులో ఉన్నారు. మీ ఫారాల్లో ‘చూడను’ అని టిక్ పెట్టినవాళ్లలో అలాంటివాళ్లు ఎంతమందో!

మన దగ్గరా ఈ తరహా పని జరిగింది. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు సైట్ అనే ఉపగ్రహ టెలివిజన్ ప్రయోగం నడిచింది. నాసా ఇచ్చిన ఏటీఎస్-6 ఉపగ్రహంతో ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 పల్లెలకు కార్యక్రమాలు వెళ్లాయి. ఆ రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి, తెలుగులో కార్యక్రమాలూ తయారయ్యాయి. ఇస్రో పెద్ద సర్వేలు చేయించింది. అంతటితో ఆగకుండా పరిశోధకులను ఊళ్లలోనే మకాం పెట్టించి, టీవీ ముందు ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారో, ఎవరు లేచి వెళుతున్నారో రాయించింది. కార్యక్రమం తీయకముందే చూసేవాళ్ల అవసరాలు తెలుసుకోవడం, తీసినదాన్ని కొద్దిమందికి చూపించి సరిచేసుకోవడం కూడా ఆ ప్రయోగంలో భాగమే. అర్ధశతాబ్దం కింద, రాకెట్లు చేసే సంస్థ ప్రేక్షకుల గురించి అంత పట్టించుకుంది. మన జర్నలిజం శాఖల్లో ఇది సిలబస్‌లో ఒక పేరాగా మిగిలిపోవడం నాకు బాధగా ఉంటుంది.

మీరు పదీ పన్నెండు మందితో మాట్లాడితే చాలు. 2006లో గెస్ట్, బన్స్, జాన్సన్ అనే పరిశోధకులు తమ 60 ఇంటర్వ్యూలను తిరగేసి, పన్నెండోది ముగిసేసరికే ముఖ్యమైన అంశాలు దాదాపు అన్నీ వచ్చేశాయని చూపించారు. అయితే అది ఒకే రకమైన మనుషుల విషయంలో. కాబట్టి ఒక వీధిలోని గృహిణులనో, ఒక స్వయం సహాయక సంఘం సభ్యులనో ఎంచుకోండి, ఊరంతా చుట్టేయకండి. సీరియల్ వచ్చే వేళకే వెళ్లి వాళ్లతో కలిసి చూడండి. ‘స్త్రీ చిత్రణ గురించి మీ అభిప్రాయం?’ అని అడిగితే పేపరు భాషలో జవాబొస్తుంది. ‘అక్కా, నేను నిన్న చూడలేదు, ఏమైంది?’ అనండి. కథ చెబుతూ ఎక్కడ తిట్టింది, ఎక్కడ నవ్వింది, ఎక్కడ ‘మా ఆడబిడ్డా ఇంతే’ అంది, అదే మీ సమాచారం. ప్రకటనలు వచ్చినప్పుడు సాగే మాటలు వదలకండి, అసలు సంగతులు అప్పుడే వస్తాయి. అనుమతి తీసుకునే రికార్డ్ చేయండి. ఆ రాత్రే నోట్సు రాసుకోండి. తెల్లారితే సగం పోతుంది.

అత్తాకోడళ్లను ఒకే గదిలో కూర్చోబెట్టి మాత్రం ఇంటర్వ్యూ చేయకండి. సీరియల్లో అత్త గురించి కోడలు అనే ప్రతి మాటా పక్కనున్న అత్తకు వినిపిస్తుంది. మీరు వెళ్లిపోయాక ఆ ఇంట్లో బతకాల్సింది ఆ అమ్మాయి.

డాక్యుమెంటరీ విషయంలోనూ ఇదే నా ఆందోళన. పరిశోధనలో పేర్లు మార్చి రాస్తామని మాటిస్తాం. సినిమాలో ముఖం చూపిస్తాం. ఈ రెండూ ఒకే రోజు, ఒకే మనిషి దగ్గర జరగకూడదు. మొదటి విడత కెమెరా తీసుకెళ్లకండి. ఇంటర్వ్యూలన్నీ అయ్యాక, మనస్ఫూర్తిగా ఒప్పుకున్న ఇద్దరు ముగ్గురితో వేరే రోజు షూట్ పెట్టుకోండి. దానికి విడిగా అనుమతి పత్రం రాయించుకోండి, చదవలేనివాళ్లకు చదివి వినిపించండి. కెమెరా లేనప్పుడు నమ్మి చెప్పిన మాటను కెమెరా ముందు మళ్లీ చెప్పమని ఒత్తిడి చేయవద్దు. రెక్కీకి సాయంత్రం వేళే వెళ్లి, టీవీ వెలుగు, ట్యూబ్‌లైటు కలిసి ముఖం మీద ఎలా పడుతున్నాయో, కుక్కర్ శబ్దం మైకులో ఎంత వస్తోందో చూసుకోండి. సీరియల్ క్లిప్పులు వాడాలంటే, పరిశోధనకూ విమర్శకూ 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ కొంత వెసులుబాటు ఇస్తుంది. వ్యాఖ్యానానికి అవసరమైనంత ముక్కే వాడండి. అయినా యూట్యూబ్‌లో పెడితే ఆటోమేటిక్‌గా క్లెయిమ్ రావచ్చు కాబట్టి కాలేజీలో ప్రదర్శించే కాపీ సిద్ధంగా ఉంచుకోండి.

టీఆర్పీల గురించి అడిగారు. టీవీ రేటింగులు లెక్కగట్టే సంస్థ బార్క్ 2015 నుంచి ఇస్తున్న అంకెలు దేశవ్యాప్తంగా ఎంచుకున్న ఇళ్లలో మీటర్లు పెట్టి తీసే అంచనాలు. ఆ ఇళ్లలో ఏ ఛానెల్ పెట్టి ఉంది, గదిలో ఎవరున్నట్టు బటన్ నొక్కారు అన్నంత వరకే అవి చెబుతాయి. శ్రద్ధగా చూశారా, కూర తరుక్కుంటూ విన్నారా అన్నది చెప్పలేవు. 2020 అక్టోబరులో వివాదం రేగాక వార్తా ఛానెళ్ల రేటింగులను 2022 మార్చి దాకా ఆపేశారన్న సంగతీ గుర్తుంచుకోండి. ఏ నాలుగు సీరియళ్లు తీసుకోవాలో ఎంచుకోవడానికి వాడండి, అంతకుమించి వద్దు.

ఇక గైడ్ గారు. ‘సర్, మీరు చెప్పిన సర్వే అంతా తప్పు’ అని వెళ్లకండి, అది నిజం కూడా కాదు. ఆయన చెప్పిన వంద ఫారాలూ మూడో అధ్యాయంగా ఉంటాయి. మార్చిన శీర్షిక, ఒక పేజీ కోడ్ షీట్, ఇంటర్వ్యూలకు ఎవరిని ఎంచుకున్నారో రాసిన అర పేజీ – ఈ మూడూ కాగితం మీద పెట్టి చూపించండి. మాటల్లో అడిగితే సందేహించే గైడ్ కూడా కాగితం చూస్తే దిద్దడం మొదలుపెడతారు. మొదటి నెల కోడింగ్, రెండో నెల ఇంటర్వ్యూలు, మూడో నెల మొదటి పది రోజుల్లో షూట్, మిగతాదంతా రాతకూ ఎడిటింగ్‌కూ. థీసిస్‌లను ఆన్‌లైన్‌లో ఉంచే శోధ్‌గంగలో తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల థీసిస్‌లు ఉచితంగా ఉన్నాయి. సీరియళ్ల మీద వచ్చినవి ముందు వెతికి, వాళ్లు ఏ నమూనా తీసుకున్నారో చూడండి.

ఈ వారం ఒక్క ఎపిసోడ్ తీసుకుని మీరూ మీ క్లాస్‌మేటూ విడివిడిగా కోడ్ చేయండి. ఇద్దరికీ ఎక్కడ తేడా వచ్చిందో ఆ సీన్ల జాబితా నాకు పంపితే, ఏ నిర్వచనం ఎలా దిద్దుకోవాలో రాస్తాను.